జిలేబీ ఇంకా తినలేదు

2023 జూలై 3, సోమవారం

మేడమ్ వెళ్ళిపోయారు. హైదరాబాదులో కూతురి పురుడు. సెప్టెంబరు దాకా రారు. వెళ్తూ వెళ్తూ నన్ను కావలించుకుని కళ్ళు తుడుచుకుంటుంటే నా కోసమే అనుకుని నేనూ ఏడ్చాను. తీరా చూస్తే ఆవిడ నా భుజం మీదుగా అద్దాల పెట్టె వంక చూస్తున్నారు.

"దుర్గా, నువ్వు తింటివో లేదో నేనడగ. నా జిలేబీని మాత్రం ఉపాసం పెట్టకు" అన్నారు.

ఇన్నేళ్ళు వండి పెట్టిన మనిషికి ఇదీ మర్యాద.

దేశం వదిలి వెళ్ళేవాళ్ళు పిల్లుల్ని వదిలేసి పోవడం ఈ గల్ఫ్ ఊరు రాస్ అల్ ఖైమాలో మామూలే. మా ఎదురు విల్లా వాళ్ళు ఉద్యోగం పోయి వెళ్తూ మేడమ్ చేతిలో పామును పెట్టి పోయారు. మా మేడమ్, కుబ్రా బేగం గారు, ఎవరినీ కాదనలేరు, అదే ఆవిడ జబ్బు. బాల్ పైథాన్ అంటారట. విషం లేదట. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయట. గోధుమరంగు చారలతో చుట్ట చుట్టుకుని పడుకుంటుందని మేడమ్ ఆ పేరు పెట్టారు. ఆడది. ఇంకా పిల్లే. ఎదురింటి వాళ్ళ దగ్గర ఉన్నప్పుడే సరిగ్గా తినేది కాదట. మేడమ్ దగ్గరికి వచ్చాక రెండు మూడుసార్లు తిని, ఈ నెల్లాళ్ళుగా మళ్ళీ మానేసింది.

పాలు మాత్రం పోయొద్దని మేడమ్ ముందే చెప్పారు. నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్ళే ఊరుదాన్ని కదా, నా మొహం చూసి కనిపెట్టేసినట్టున్నారు. నేను ఏ ఏడూ పుట్టలో పామును చూసింది లేదు. ఇప్పుడు హాల్లోనే ఉంది మహాతల్లి.

దీని మీద నాకేం ప్రేమ లేదు. జీతానికి చేస్తాను, అంతే.

జూలై 5, బుధవారం

పెట్టె శుభ్రం చేశాను. అబ్బబ్బ, ఏం కంపు! మేడమ్ ఇల్లంతా అద్దంలా ఉంచుతారు గానీ ఆ పెట్టె జోలికి పోయినట్టు లేదు. కేకులు చేసేటప్పుడు ఓవెన్ దగ్గర వేసుకునే గ్లవ్స్ తొడుక్కుని, కళ్ళు సగం మూసుకుని, జిలేబీని బట్టల బుట్టలోకి మార్చాను. బుస్సుమంది. నేను అంతకంటే పెద్దగా అరిచాను. ఇద్దరం సమానం.

కింద పరిచిన కొబ్బరి పొట్టంతా తీసి పారేశాను. మా కోనసీమలో కాలవ గట్టున కుప్పలు పోసి తగలబెట్టేదాన్ని ఇక్కడ బస్తా కట్టి అమ్ముతున్నారు, చోద్యం కాకపోతే! దాని బదులు ఉతికిన తెల్ల తువ్వాళ్ళు మడత పెట్టి పరిచాను. అది దూరి పడుకునే గుహలాంటి బెరడు ఒకటుంది, మట్టి కంపు. దాన్ని బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, మేడ మీద ఎండలో పెట్టాను. పెట్టె అద్దాలకు డెట్టాల్.

ఇప్పుడు చూడండి, ఆస్పత్రి గదిలా ఉంది. పైగా ఎటు నుంచి చూసినా జిలేబీ కనబడుతుంది. మేడమ్ వచ్చి చూస్తే మురిసిపోవాలి.

జూలై 8, శనివారం

మొదటిసారి పెట్టాను. తినలేదు.

ఎలా పెట్టాలో మేడమ్ చూపించి వెళ్ళారు. స్టోర్ రూములో చిన్న ఫ్రీజరుంది, అందులో తెల్ల ఎలుకలు ఐసుగడ్డల్లా ఉంటాయి. ఒకటి తీసి వేడి నీళ్ళలో కరగనివ్వాలి, ఒళ్ళు వెచ్చబడ్డాక పొడుగు పట్టకారుతో దాని ముందు ఆడించాలి. వారానికొకసారి చాలట. ఎలుకను ముట్టుకోవడానికి వెనకాడాను గానీ, వంటమనిషిని, మాంసం అంటే భయపడితే ఎలా? ఒక్కసారి గుండె రాయి చేసుకున్నాక మామూలే. కల్లుప్పు, పసుపు వేసి రెండుసార్లు రుద్ది, నీచు వాసన పోయేదాకా కడిగాను. కోడైనా చేపైనా రొయ్యైనా మా ఇంట్లో అదే పద్ధతి. కడగనిది పొయ్యెక్కదు, కడగనిది ఎవరి కంచంలోకీ వెళ్ళదు. పామైతే మాత్రం మన ఇంటి మనిషి కాదా?

పట్టకారుతో ముందు పెట్టగానే నాలుక రెండుసార్లు ఆడించింది. మొహం తిప్పుకుంది! మా పెద్దాడపడుచు కూర రుచి చూసి మొహం పెట్టినట్టే పెట్టింది. మళ్ళీ ముందుకు జరిపాను. టప్పుమని అద్దం మీదకు ఎగిరింది. పట్టకారు అక్కడ, ఎలుక ఇక్కడ, నేను సోఫా మీద.

జూలై 9, ఆదివారం

తినలేదు. తెల్లారేసరికి ఎలుక అక్కడే పడి ఉంది. తీసి పారేసి చేతులు నాలుగుసార్లు కడుక్కున్నాను.

జూలై 11, మంగళవారం

పక్క విల్లాలో చేసే చిట్టెమ్మక్క వచ్చింది. నర్సాపురం మనిషి, నోరు పెద్దది, మనసూ పెద్దదే. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమేవ్ దుర్గా, అది పెట్టెలోనే ఉందా? మూత గట్టిగా పెట్టావా?"

"పెట్టానక్కా. లోపలికి రా."

"నే రాను. ఇక్కడ్నించే ప్రార్థన చేసేసి పోతాను. అది తినాలనా, చావాలనా? ముందది చెప్పు."

"నీ నోట్లో మన్నుబొయ్య! తినాలని చెయ్యవే."

గుమ్మంలోనే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. మధ్యలో ఒక కన్ను తెరిచి పెట్టె వంక చూస్తూనే ఉంది. వెళ్తూ వెళ్తూ అడిగింది, "నువ్వేం తిన్నావే?"

"ఖుబూస్ రొట్టె, చాయ్."

"అదేం తిండే? పొయ్యి వెలిగించుకోలేవూ?"

ఒక్కదాని కోసం ఏం వండుతాను. అయినా పక్కన ఒకటి పస్తుంటే నాకు ముద్ద దిగుతుందా? ఇది ప్రేమ కాదు, బాధ్యత.

జూలై 15, శనివారం

ఇవాళ ఇంకా శ్రద్ధగా చేశాను. ఉప్పు, పసుపుతో మూడుసార్లు కడిగి, పైన నిమ్మకాయ పిండాను. నీచు అన్న మాటే లేదు. నేనే తినొచ్చు అన్నంత శుభ్రంగా ఉంది, ఛీ, ఏం రాస్తున్నాను.

తినలేదు.

నా వైపు నుంచి లోపం ఏమీ లేదు. దీనికే పొగరు.

జూలై 16, ఆదివారం

పొద్దున్నించి జిలేబీని ఒకే ఒక్కసారి చూశాను.

సాయంత్రం ఇంకోసారి. మధ్యాహ్నం తువ్వాలు మార్చడానికి వెళ్ళినప్పుడు చూసింది లెక్కలోకి రాదు. నీళ్ళ గిన్నె కోసం వెళ్ళిందీ రాదు. టీవీ చూస్తుంటే కంటికి తగిలితే దానికి నేనేం చెయ్యను? తల మాటిమాటికీ చుట్టల్లో దూర్చేసుకుంటోంది. సిగ్గు కాబోలు.

జూలై 18, మంగళవారం

మేడమ్ ఫోన్ చేశారు. మనవరాలు పుట్టిందట! అమ్మబాబోయ్, ఆవిడ సంతోషం చూడాలి. వెనకాల పసిపిల్ల ఏడుపు, ఎవరో మిఠాయిలు పంచుతున్న గోల. అంత సంబరంలోనూ అడిగారు, "నా జిలేబీ తిన్నదా దుర్గా?"

అలాంటి శుభవేళ తినలేదని ఎలా చెప్పను? నోట్లోంచి వచ్చేసింది.

"తింది మేడమ్. కొంచెం తింది."

"కొంచెమా? కొంచెం ఎట్ల తింటది దుర్గా? పాము మింగితే పూరా మింగుతది. సగం ఎలుక తిని సగం పక్కకు పెడతదా?"

మేడమ్ నవ్వారు గానీ ఆ నవ్వులో పస లేదు. "మా తమ్ముడు ఫరాజ్‌ను ఒకసారి పంపిస్త" అన్నారు.

కొంచెం! కొంచెం తింది! నా తెలివి తగలెయ్య.

జూలై 22, శనివారం

కరిచింది!

ఫ్రీజరులో ఎలుకల సంచీ చిరిగిపోతే వేరే దాంట్లోకి సర్దాను. ఈ లోపు నీళ్ళ గిన్నె ఎండిపోయిందని గుర్తొచ్చి అలాగే వెళ్ళి చెయ్యి పెట్టాను. మెరుపులా వచ్చి వేలు పట్టుకుంది. పట్టుకుని ఏదో తప్పు జరిగినట్టు వెంటనే వదిలేసింది. నేను పెట్టిన కేకకు చిట్టెమ్మక్క గోడ అవతల్నించి అట్లకాడతో సహా పరిగెత్తుకొచ్చింది.

"విషమే! నోట్లోంచి నురగ వస్తోందా? ఏదీ, నాలుక చూపించు!"

"విషం లేదక్కా, సూది గుచ్చినట్టుందంతే."

"విషం లేకపోతే అంత కేకెందుకు పెట్టావే? పొయ్యి మీద నా పప్పు మాడిపోయింది!"

వేలి మీద చిన్న చిన్న చుక్కలు వరసగా ఉన్నాయి. డెట్టాల్ పోసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు కోపం రాలేదు. ఎంత చురుకు! ఇన్నాళ్ళ పస్తులో కూడా ఎంత పౌరుషం! ఇంత ఊపున్న పిల్ల ఎలుకను మాత్రం ఎందుకు వద్దంటోంది?

సాయంత్రం మళ్ళీ పెట్టాను. పసుపు పట్టించి, పావుగంట ఊరనిచ్చి మరీ కడిగాను. వాసన చూసింది. మొహం తిప్పుకుంది. బుస్సుమంది.

జూలై 26, బుధవారం

ఫరాజ్ భాయ్ వచ్చాడు. మేడమ్ తమ్ముడు, ఆవిడను ఆపా అంటాడు, క్వారీ కంపెనీ ఆఫీసులో పని. బూట్ల నిండా తెల్ల దుమ్ముతో నేను తుడిచిన నేల మీద నడిచొచ్చాడు. పెట్టె ముందు వంగి చాలాసేపు చూశాడు. జిలేబీ వెన్ను మీద గీత లేచినట్టు కనబడుతోంది. నేనూ చూశాను ఆ గీత. రోజూ చూస్తూనే ఉన్నాను, నీడ అనుకుంటున్నాను.

"దుర్గా, యే తో సూఖ్ గయీ. ఎండిపోయింది."

"తింటుంది భాయ్. బెట్టు చేస్తోంది."

"కొంచెం తింటదా?" అన్నాడు. అంటే కబురు అక్కడి దాకా వెళ్ళిందన్నమాట.

షార్జాలో పాముల్ని పెంచేవాడు ఒకడున్నాడట. నోట్లో గొట్టం పెట్టి బలవంతంగా తినిపిస్తాడట. తర్వాత తనే ఉంచేసుకుంటాడట. ఈ శుక్రవారం కాక వచ్చే శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక వచ్చి తీసుకెళ్తానన్నాడు. "ఆపాతో మాట్లాడిన. ఏడ్చింది గానీ సరేనంది. ఖలాస్, అయిపోయింది."

ఫోనులో తేదీ లెక్కపెట్టి చూశాను. అంటే ఆగస్టు నాలుగు. అడిగితే "హా, వహీ, అదే" అన్నాడు.

గొట్టమా? దాని నోరెంత, గొట్టమెంత? ఇంత చిన్న తల! దీని తిండి సంగతి వాడికేం తెలుసు, నాకు తెలియనిదా? నేనుండగా దాన్ని ఇల్లు దాటనివ్వను.

జూలై 27, గురువారం

ప్రేమ లేదని రాశాను కదా. లేదు.

జూలై 29, శనివారం

తినలేదు. ఇవాళ పసుపుతో పాటు రెండు చుక్కలు వెనిగర్ కూడా.

జూలై 31, సోమవారం

చిట్టెమ్మక్క గుమ్మం దాటి లోపలికి వచ్చింది! మొదటిసారి. పెట్టెకు రెండడుగుల దూరంలో నిలబడి, "పాపం, పిల్లే కదే" అంది. తర్వాత నన్ను ఎగాదిగా చూసింది. "దానికంటే నువ్వే చిక్కిపోయావు. ఆ గొట్టం ముందు నీకు పెట్టించాలి."

ఇద్దరం పడి పడి నవ్వాం. ఆవిడ వెళ్ళాక హాల్లో నిలబడి కాసేపు ఏడ్చాను. శుక్రవారం వచ్చేస్తోంది.

ఆగస్టు 1, మంగళవారం

అయ్యో, అయ్యో, అయ్యో! నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియడం లేదు.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకు మేడమ్ వీడియో కాల్ చేశారు. ఆఖరిసారిగా పిల్లను చూసుకుంటానన్నారు. నేను అప్పుడే ఎలుకను సిద్ధం చేస్తున్నాను. మొన్న శనివారమే పెట్టాను, వారం కాలేదు, అయినా శుక్రవారం ముంచుకొస్తుంటే ఊరుకోగలనా? ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి, "చూడండి మేడమ్, ఎంత శ్రద్ధగా చేస్తున్నానో" అని పట్టకారుతో ఎలుకను పైకెత్తి చూపించాను.

మేడమ్ కళ్ళద్దాలు సవరించుకున్నారు.

"దుర్గా, యే పీలా క్యూం హై?"

"ఏంటి మేడమ్?"

"ఎలుక పసుపు రంగెందుకుంది? తెల్లగుండాలె కదా?"

"పసుపేనండి. కడిగాను కదా. కల్లుప్పు, పసుపు, నిమ్మకాయ. నీచు వాసన లేకుండా."

మేడమ్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయారు. ఫోను ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆ తర్వాత మొదలైంది నవ్వు. ఆవిడ అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. పక్క గదిలోంచి కూతురు పరిగెత్తుకొచ్చింది, చేతిలో పసిపిల్లతో సహా. "అమ్మీ, క్యా హువా?" అంటుంటే మేడమ్ చెప్పలేక చేత్తో చూపిస్తున్నారు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

"అరె పాగల్! దానికి ఆ నీచు వాసనే ఆకలి! అది కండ్లతోని తినదు, వాసనతోని తింటది. నువ్వు ఎలుకను తీసి పసుపుకొమ్ము చేసి ముందర పెట్టినవు!"

"మరి... ఇన్నాళ్ళూ..."

"ఇన్నాళ్ళూ అది అనుకున్నది, ఈ దుర్గ నాకు ఆలుగడ్డ పెడుతున్నదని!"

వేలు చూసుకున్నాను. ఆ రోజు ఎలుకల సంచీ సర్ది చెయ్యి కడుక్కోకుండా వెళ్ళాను. ఎలుక వాసన నా చేతికి ఉంది, పసుపు వాసన ఎలుకకు ఉంది. అది సరైనదాన్నే కరిచింది. తప్పంతా నాదే.

"సరే, ఫోన్ జర పెట్టె దగ్గరికి తీసుకుపో" అన్నారు మేడమ్. తీసుకెళ్ళాను. నవ్వు ఆగిపోయింది.

"బెరడు ఏది? పొట్టు ఏది? ఈ తువ్వాళ్ళేంది?"

"కంపు కొడుతుంటే కడిగి ఎండబెట్టాను మేడమ్. ఆస్పత్రిలా ఉంచాను."

"అది దాని సొంత వాసన దుర్గా. ఆ వాసన ఉంటేనే తన ఇల్లు అనుకుంటది. దాక్కోడానికి చీకటి లేక, నువ్వు పొద్దంతా తొంగి చూస్తుంటే, బుస కొట్టక ఏం చేస్తది? నిన్నెవరన్న నడి బజార్ల కూసోబెట్టి, చుట్టూ నిలబడి తిను తిను అంటే తింటవా?"

నేను తొంగి చూస్తున్నానని ఆవిడకు ఎవరు చెప్పారు?

ఆగస్టు 2, బుధవారం

మేడ మీద బెరడు ఎండకు రెండు ముక్కలై పడి ఉంది. ఈ ఎండకు మనుషులే పగిలిపోతున్నారు, దాని లెక్కెంత. బకాలా కిరాణా కొట్టు వరకు పరిగెత్తి వాళ్ళ దగ్గర ఖర్జూరాల అట్టపెట్టె ఒకటి అడిగి తెచ్చాను. ఒక పక్క దాని ఒళ్ళు పట్టేంత కన్నం కోశాను. మేడమ్ చెప్పారు, చాలా విశాలంగా ఉండకూడదట, ఒళ్ళు నాలుగు వైపులా తగలాలట. స్టోర్ రూములో మిగిలిన కొబ్బరి పొట్టు బస్తా దొరికింది. పరిచాను. తువ్వాళ్ళు తీసేశాను. పెట్టెను టీవీ పక్క నుంచి, రోడ్డు మీది లారీల చప్పుడు వినబడని లోపలి గదిలోకి మార్చడానికి చిట్టెమ్మక్క సాయం పట్టింది. "యేసయ్యా, యేసయ్యా" అంటూనే మోసింది, కానీ మోసింది!

జిలేబీ నాలుక ఆడిస్తూ ఆ కన్నం దగ్గర కాసేపు ఆగింది. తర్వాత మెల్లగా దూరింది. తల, ఒళ్ళు, తోక. మాయం!

ఇన్నాళ్ళలో అది అంత నిమ్మళంగా కదలడం ఇదే చూడటం. నాకు ఈల వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. తలుపు వేసి వచ్చేశాను.

నా పాత నేత చీర పెట్టె మీద కప్పాను. దానికి చీకటి, నాకు బుద్ధి.

ఆగస్టు 3, గురువారం

ఎలుకను కరిగించాను. వెచ్చబెట్టాను. కడగలేదు.

కడగకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు, ఆ సింకుకు తెలుసు. పసుపు డబ్బా ఎదురుగానే ఉంది. చెయ్యి రెండుసార్లు అటు పోయింది. తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ నీచు ముక్కుపుటాలకు తగులుతున్నా గట్టిగా ఊపిరి పీల్చి, "ఇదే నీకు పరమాన్నం కదే, తిను తల్లీ" అన్నాను.

మగ్రిబ్ అజాన్ వినబడుతుండగా లోపలి గదిలోకి వెళ్ళాను. చీర కొంచెం ఎత్తి, ఎలుకను అట్టపెట్టె కన్నం ముందు పెట్టి, చీర దించేశాను. నిలబడి చూడొద్దని మేడమ్ ఒట్టు పెట్టించుకున్నారు. ఒకటే దారి. ఇల్లు వదిలి బయటికి వెళ్ళిపోయాను! చెమటలు కక్కుతూ వీధి చివరి వరకు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ చివరి వరకు. చిట్టెమ్మక్క గేటు దగ్గర నిలబడి నన్ను చూసి, "ఏంటే, లోపల పురుడు జరుగుతోందా?" అంది.

"అంతేనక్కా. అలాంటిదే."

ఆవిడా వచ్చి నాతో నడిచింది.

చూడకుండానే పడుకుంటున్నాను. నిజంగానే.

ఆగస్టు 4, శుక్రవారం

లేదు! ఎలుక లేదు!! చీర ఎత్తాను, కన్నం ముందు ఏమీ లేదు! పొట్టులో వేళ్ళతో వెతికాను, నీళ్ళ గిన్నె వెనక వెతికాను, లేదు, లేదు, లేదు! గది మధ్యలో నిలబడి గంతులేశాను. గంతులకు నేల అదురుతుందని గుర్తొచ్చి, వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ గంతులేశాను.

జుమ్మా అయ్యాక ఫరాజ్ భాయ్ వచ్చాడు, చేతిలో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాతో.

"భాయ్, తినేసింది! రాత్రి తినేసింది!"

"అచ్ఛా? ఎంత? కొంచెమా?"

"మొత్తం! పూరా!"

"ఏదీ, తీసి చూపించు. చేత్తో పట్టుకుంటే పొట్ట తెలుస్తది."

"ముట్టుకోకూడదు. తిన్న రెండు రోజులూ కదిపితే కక్కేస్తుందని మేడమ్ చెప్పారు."

ఆయన నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదు. పాము బతకాలనే ఆయనకూ ఉంది. నా మాట మీద నమ్మకం లేదు, అంతే. ఎలా ఉంటుంది, నేనే పాడు చేసుకున్నాను కదా. "యల్లా దుర్గా, పక్కకు జరుగు, షార్జావాడు ఎదురుచూస్తున్నడు" అంటూ లోపలి గది వైపు నడిచాడు.

నేను ముందు దూరి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. చేతిలో పొడుగు పట్టకారు ఉంది, ఎలా వచ్చిందో తెలియదు. ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవరికీ ఎదురు చెప్పినదాన్ని కాదు.

"భాయ్, మీరు ఇవాళ దాన్ని ముట్టుకుంటే అది కక్కుతుంది. కక్కితే ఇంక తినదు. తినకపోతే చచ్చిపోతుంది. నేను అబద్ధం చెప్పాను, నిజమే. అప్పుడు మేడమ్ బాధపడకూడదని చెప్పాను. ఇప్పుడు చెప్పేది అబద్ధమైతే నన్నే ఆ డబ్బాలో పెట్టి తీసుకుపోండి."

ఆయన డబ్బా వంక చూశాడు, నా వంక చూశాడు. "నువ్వు పట్టవు" అన్నాడు.

తర్వాత మేడమ్‌కు ఫోను కలిపాడు. నేను గుమ్మం వదల్లేదు. అటు మాటలు నాకు వినబడలేదు. ఈయన మాత్రం "ఆపా, సబూత్ క్యా హై? రుజువేది?" అని రెండుసార్లు అన్నాడు. ఆఖరికి ఫోను నా చేతికిచ్చాడు.

"దుర్గా," అన్నారు మేడమ్, "కడగలేదు కదా?"

"కడగలేదు మేడమ్. మీ మనవరాలి మీద ఒట్టు."

"ఒట్లు గిట్లు వద్దు. నువ్వు కడగలేదంటే అది తిన్నట్టే. నువ్వు కడగకుండా ఉన్నవంటే ఎంత కష్టమో నాకు ఎరుకే." మళ్ళీ తనే అన్నారు, "తిన్నది బయటికి రావాలె కదా. దొడ్డికి పోతే అదే రుజువు. వారం ఆగుతం."

ఫరాజ్ భాయ్ ఖాళీ డబ్బాతో వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర బూట్లు విప్పలేదని గుర్తొచ్చి, నేల వంక చూసి, "మాఫ్ కరో" అన్నాడు.

ఆగస్టు 7, సోమవారం

ఏమీ లేదు. చూడటానికి వెళ్ళలేదు, నీళ్ళు మార్చడానికి వెళ్ళాను. అట్టపెట్టె కన్నంలోంచి తల కొంచెం బయట పెట్టింది. బుస లేదు.

ఆగస్టు 9, బుధవారం

ఏమీ లేదు. ఒకవేళ ఎలుకను పొట్టు అడుగున దాచిందా? పాములు దాస్తాయా? వాసన చూశాను. నా ముక్కు నాకే నమ్మకం లేకుండా పోయింది.

చిట్టెమ్మక్క రోజూ పొద్దున్నే గోడ అవతల్నించి అరుస్తోంది, "అయ్యిందా?"

"ఇంకా కాలేదు!"

వీధిలో వాళ్ళు ఏమనుకుంటున్నారో.

ఆగస్టు 11, శుక్రవారం

వెళ్ళింది!!!

పొద్దున చీర ఎత్తగానే వాసన. ఏం వాసన! కొబ్బరి పొట్టు మధ్యలో నల్లగా, పక్కన సున్నం ముద్దలా తెల్లగా. నా జన్మలో పెంట చూసి ఇంత ఆనందపడతానని ఎవరన్నా చెప్పి ఉంటే చెప్పు తీసుకుని కొట్టేదాన్ని. ఫోటో తీశాను. దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి. మేడమ్‌కు పంపాను, ఫరాజ్ భాయ్‌కు పంపాను. ఆయన భోజనం చేస్తున్నాడట, "అస్తగ్‌ఫిరుల్లా" అని, అల్లా క్షమించాలని, ఒక్క మాటే పెట్టాడు. కాసేపటికి ఇంకోటి, "షార్జావాడికి వద్దని చెప్పిన."

గోడ దగ్గరికి పరిగెత్తాను. "అక్కా! అయ్యింది!"

"అయ్యిందా? స్తోత్రం! స్తోత్రం!"

మేడమ్ ఫోనులో ఏడ్చారు, నవ్వారు, మనవరాలి చెవి దగ్గర ఫోను పెట్టి నన్ను చెప్పమన్నారు. చెప్పాను. పాపం పసిగుడ్డు, పుట్టిన నెలలోపే ఏం వినాల్సి వచ్చిందో!

పెంట తీసేశాను. అంతవరకే తీశాను. మిగతా పొట్టు ముట్టుకోలేదు. చెయ్యి తిరిగి వస్తుంటే జిలేబీ బయటికి వచ్చి నా మణికట్టు మీద నాలుక ఆడించింది. చల్లగా, దారం తగిలినట్టు. చెయ్యి కదపకుండా ఉంచాను. అది తొందరపడలేదు, వాసనంతా చూసుకుంది, మెల్లగా తన గుహలోకి వెళ్ళిపోయింది. ఆ వెన్ను మీద గీత ఇంకా ఉంది. పోతుంది. రేపు మళ్ళీ శనివారం.

ప్రేమ లేదని రాసిన పేజీలన్నీ తిరగేసి చూశాను. ఎవరికి చెప్తున్నానో.

చిట్టెమ్మక్క గోడ మీదుగా సంచీ అందించింది. "నా వంతు సంబరం. నువ్వేం తిన్నావని ఇంక అడగను, తినే తీరాలి." తెరిచి చూస్తే కనగర్త చేపలు, ఇంకా మెరుస్తున్నాయి. మేడమ్ వెళ్ళిన తర్వాత ఈ పొయ్యి మీద పులుసు కాగలేదు.

బీరువా తాళం తీసి పసుపు డబ్బా బయటికి తెచ్చాను. చేపల్ని కల్లుప్పు, పసుపు వేసి, నీచు పోయేదాకా మూడుసార్లు కడిగాను. ఇవి నాకు.